8,500 కరచాలనాలు

ఒక మనిషి ఎదుట నిలబడి, కళ్ళలోకి చూసి, చెయ్యి కలిపి, ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం అనుకుందాం. అదే పని 8,500 మందితో, ఒకరి తరువాత ఒకరితో, ఎవ్వరినీ వదలకుండా చెయ్యడానికి పదకొండు నెలలు పట్టింది. 1979 జులై 24న మొదలుపెట్టి 1980 జూన్ 26న ముగించిన ఆ పనికి మియర్ల్ లేడర్మన్ యూకెలీస్ అనే అమెరికన్ కళాకారిణి పెట్టిన పేరు ‘టచ్ శానిటేషన్’. న్యూయార్కు నగరంలో చెత్త ఎత్తే కార్మికులందరినీ వారి వారి చోట్లకే వెతుక్కుంటూ వెళ్ళి, చెయ్యి కలిపి, నగరాన్ని బ్రతికించి ఉంచుతున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. అంతే. బొమ్మ లేదు, శిల్పం లేదు, టిక్కెట్టు లేదు, తెర లేవడమూ దిగడమూ లేవు.

దీన్ని కళ అనవచ్చునా అని మీరు అడగబోతున్నారని తెలుసు. నా మట్టుకు నాకు ఆ ప్రశ్న కంటే వేరొక ప్రశ్న బరువైనదిగా తోస్తున్నది. అక్కడికి వెళ్ళే ముందు ఆవిడ ఈ దారిలోకి ఎలా వచ్చిందో కొంత చెప్పాలి.

1968లో యూకెలీస్‌కు మొదటి బిడ్డ పుట్టింది. అప్పటిదాకా కళాకారిణిగా స్వేచ్ఛగా బ్రతికిన మనిషికి ఒక్కసారిగా రోజంతా ఉతకడం, తుడవడం, పాలు పట్టడం, మళ్ళీ ఉతకడం. మరుసటి ఏడు కోపంతో ఒక ప్రణాళిక వ్రాసింది. లోకంలో పనులు రెండు రకాలన్నది అందులోని వాదన. కొత్తదాన్ని పుట్టించే పని ఒకటి, పుట్టినదాన్ని నిలిపి ఉంచే పని మరొకటి. కీర్తీ ధనమూ మొదటిదానికి పోతాయి, ప్రొద్దంతా రెండవదానికి పోతుంది. విప్లవం అయిపోయాక సోమవారం ఉదయాన చెత్త ఎవరు ఎత్తుతారని ఆమె అడిగింది. ఈ రెండవ రకం పనినే ఇకమీద నా కళగా ప్రదర్శిస్తానని ప్రకటించి, దానికి ‘మెయింటెనెన్స్ ఆర్ట్’ అని పేరు పెట్టింది. నిర్వహణ కళ అనుకుందాం.

ఇందులో మనకు తెలియనిదేమున్నది? తోమిన గిన్నె రాత్రికి మళ్ళీ తొట్టిలో ఉంటుంది. వండిన అన్నం మధ్యాహ్నానికి మాయమవుతుంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి వేసిన ముగ్గు పొద్దెక్కేసరికి సైకిళ్ళ కింద చెరిగిపోతుంది. (పనీ కళా విడదీయరాకుండా ఉన్న చోటు మన ఇంటి వాకిలే గదా అని ఆ ప్రణాళిక గురించి చదివినప్పుడు అనిపించింది. ఆ పని కూడా ఆడవాళ్ళకే ఎందుకు మిగిలిందన్న సంగతి అలా ఉంచుదాం.)

1973లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని వాడ్స్‌వర్త్ మ్యూజియంలో ఆవిడ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఒకరోజు మోకాళ్ళ మీద వంగి ఆ మ్యూజియం మెట్లనూ నేలనూ కడిగింది. అంతకంటే చిత్రమైనది మమ్మీ ముచ్చట. అక్కడ గాజుపెట్టెలో ఒక ఈజిప్షియన్ మమ్మీ ఉన్నది. ఆ గాజును రోజూ తుడిచేది పనివాడు. ఒకరోజు అదే గాజును యూకెలీస్ తుడిచి, ఈ శుభ్రత ఇప్పుడొక కళాఖండం అని ముద్ర వేసింది. కళాఖండాన్ని తాకే అధికారం పనివానికి లేదు, సంరక్షణ నిపుణునికే ఉన్నది. కాబట్టి ఆ తరువాత అదే దుమ్మును, అదే గాజు మీద, నిపుణుడు వచ్చి తుడవవలసి వచ్చింది. పని మారలేదు, గుడ్డ మారలేదు. పేరు మారేసరికి ఎవరు చెయ్యాలి, ఎంత గౌరవం, ఎంత జీతం అన్నవన్నీ మారిపోయాయి. పెద్ద పెద్ద అర్థశాస్త్ర గ్రంథాలు చెప్పే ముక్కను ఒక తడిగుడ్డతో చూపించింది.

1976లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం శాఖ ఉన్న ఆకాశహర్మ్యంలో 300 మంది నిర్వహణ సిబ్బందిని కలుపుకొని మరొక ప్రదర్శన చేసింది. రోజుకు ఒక గంట మీరు చేసే పనిని కళ అనుకోండి, చాలు, అని కోరింది. తిరుగుతూ పోలరాయిడ్ ఫొటోలు తీసి, ఇది పనా కళా అని వారినే అడిగి, వారు చెప్పిన మాటే ఫొటో కింద వేసింది. అలాంటివి 720 ఫొటోలు. అప్పటికి నగరం దివాళా అంచున ఉన్నది. 1975లో వేలమంది ఉద్యోగులను తొలగిస్తే పారిశుద్ధ్య కార్మికులు పని మానేశారు కూడా. ఈ ప్రదర్శనను సమీక్షించిన ఒక విమర్శకుడు, పారిశుద్ధ్య శాఖ కూడా తన పనిని కళ అని చెప్పుకుంటే ప్రభుత్వ కళానిధి నుంచి డబ్బు వస్తుందేమోనని వేళాకోళమాడాడు. యూకెలీస్ ఆ పరిహాసాన్ని పరిహాసంగా తీసుకోలేదు. ఆ కత్తిరింపును శాఖాధిపతికి పంపింది. 1977 నుంచి ఆ శాఖకు ఆస్థాన కళాకారిణి అయింది. జీతం మాత్రం లేదు.

ఇక కరచాలనాల సంగతి. నగరంలోని 59 పారిశుద్ధ్య మండలాలకూ వెళ్ళింది. తెల్లవారకముందు హాజరు పిలిచే వేళకు చేరుకునేది. బండ్ల వెంట నడిచేది. వారు వంగినట్టు వంగి, ఎత్తినట్టు ఎత్తి, వెనకాలే వారి కదలికలను అనుకరించేది. చాలామంది అనుమానంగా చూశారట, కొందరు నవ్వారట. అలా జరగకపోతేనే ఆశ్చర్యం.

ఒక కార్మికుడు ఆమెకు చెప్పుకున్న కథ ఒకటున్నది. ఎన్నో ఏళ్ళ క్రితం, మండుటెండలో బరువులు ఎత్తీ ఎత్తీ అలసిపోయి, అతనూ తోటివాడూ ఒక ఇంటి మెట్ల మీద కాసేపు కూర్చున్నారు. ఇంటావిడ తలుపు తీసి, కంపు కొట్టే చెత్తవాళ్ళు నా మెట్ల మీద కూర్చుంటారా, పొండి, అని తరిమింది. ఆ మాట అన్నేళ్ళూ అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇవాళ నువ్వు దాన్ని తుడిచేశావు అన్నాడట. ఆమె ఆ మాటను వదిలిపెట్టలేదు. 1984లో ఒక గ్యాలరీ ముందు అటువంటి మెట్లే కట్టించి, గాజుల మీద ఆ కార్మికులు పడ్డ తిట్లన్నీ వ్రాయించి, రకరకాల వృత్తులవారిని పిలిచి ఆ తిట్లను కడిగించింది.

2016లో క్వీన్స్ మ్యూజియంలో ఆవిడ జీవితకాలపు పనిని ప్రదర్శనగా పెట్టినప్పుడు చూసే అవకాశం నాకు కలిగింది. ఫొటోల కంటే, పటాల కంటే, అక్కడ ఒక తోరణం నన్ను ఆపేసింది. వాడి వాడి అరిగిపోయిన చేతితొడుగులతో కట్టిన తోరణం అది. తొడుగులలోంచి చేతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి, కానీ వ్రేళ్ళ వంకర మిగిలి ఉన్నది.

అక్కడ నిలబడి ఆవిడ చెప్పిన వాక్యాన్ని తెలుగులో అనుకోబోయాను. కుదరలేదు. కృతజ్ఞతలు అంటే సభలో వందన సమర్పణ, ధన్యవాదాలు అంటే ఉత్తరం చివరి మాట. మనం అభిమానంగా పైకి తెచ్చుకున్న నెనరులు ఉన్నది గానీ, అది మన పదిమంది మధ్యే చెల్లే నాణెం. పల్లెటూళ్ళో సాయం పొందిన ముసలమ్మ థాంక్స్ చెప్పదు. చల్లగా ఉండు నాయనా అంటుంది. ఆ దీవెన మాత్రం వయసూ కులమూ చూసుకొని గానీ నోరు దాటేది కాదు.

మా చిన్నప్పుడు మా వీధి ఊడ్చే మనిషి ఉండేది. ఎండ వేళ దాహమని వస్తే మా నాయనమ్మ లేదనేది కాదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, అరుగు మీదనుంచి, జానెడు ఎత్తునుంచి, ఆమె దోసిట్లోకి పోసేది. ఒక్క చుక్క వెనక్కి చిందకుండా పొయ్యడం ఒక విద్య. ‘చాలా అమ్మీ’ అని అడిగేది కూడా, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమ అబద్ధమని నేననలేను. ఆ జానెడు దూరమూ అబద్ధం కాదు. ఆమె పేరేమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆమె పని పేరు మాత్రం పిల్లలం ఒకరినొకరం తిట్టుకోవడానికి వాడే మాట.

అందుకే ఈ దేశంలో ఆ కరచాలనం న్యూయార్కులో కంటే ఎక్కువ అర్థాన్ని మోస్తుంది. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ కుంభమేళా వేళ ప్రధానమంత్రి అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల పాదాలు కడిగారు. 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది. పాదాలు కడగడంలో ఒకరు వంగాలి, ఒకరు పీఠం మీద కూర్చోవాలి. మరునాడు ఎవరి చోటికి వారు వెళ్ళిపోతారు. చప్పట్లకు అసలు ఎదుటి మనిషే అక్కర్లేదు. కరచాలనానికి ఇద్దరూ ఒకే ఎత్తున నిలబడితే తప్ప కుదరదు.

అయితే, నాకు బరువుగా తోచిన ప్రశ్న ఇక్కడే ఉన్నది. యూకెలీస్ చెయ్యి కలిపినది ఎవరితో? బలమైన యూనియన్ ఉన్నవారితో. 1968లో తొమ్మిది రోజులు పని ఆపి మహానగరాన్ని చెత్తలో ముంచినవారితో. జీతమూ పింఛనూ గెలుచుకున్నాక కూడా లోకం ఇవ్వని ఒక్కటి మిగిలి ఉన్నది, దాన్ని ఆవిడ తెచ్చి ఇచ్చింది. ఆ జీతమూ యూనియనూ లేనిచోట అదే వాక్యం చెబితే? మురుగుగుంతలోకి ఒట్టి చేతులతో దిగేవానికి, ఇలాగే దిగుతూ ఉండు అని చెప్పినట్టు కాదా?

బెజవాడ విల్సన్ ఇక్కడ గుర్తుకు రావాలి. కోలారు బంగారు గనుల్లో, ఆ పనిలోనే ఉన్న తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించినవారిలో ఒకడు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. మన రాష్ట్రంలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మురుగుకాల్వలో చనిపోయినవారి కుటుంబానికి 2014లో 10 లక్షలు, 2023లో 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు అన్నది. ఉద్యమంలోని స్త్రీలు ఈ తీర్పుల కోసం కూర్చోలేదు. తాము మోసిన బుట్టలను నలుగురి మధ్యకు తెచ్చి తగలబెట్టారు. ఆ పనికి వారికి కావలసినది కృతజ్ఞత కాదు, అది ఆగిపోవడం. నేను విన్న ప్రదర్శనలన్నింటిలో ఇది గొప్పది. వారు దాన్ని ప్రదర్శన అనుకోలేదు, ఏ మ్యూజియమూ దాన్ని కొనలేదు.

బుట్ట కాలిపోయింది సరే, మరునాడు సోమవారం. ఇళ్ళవాళ్ళు ఇచ్చే ఆ కాస్త డబ్బూ, మిగిలిన రొట్టె ముక్కలూ కూడా బుట్టతోనే పోయాయి. ప్రభుత్వం పునరావాస పథకంలో ఒక్కసారికి ఇస్తామన్న నగదు 40,000 రూపాయలు. అది అందుకోవాలంటే, తాను నిన్నటిదాకా ఆ పని చేసినట్టు ఆమె పేరు ముందుగా జాబితాకు ఎక్కాలి.