బావ కిడ్నీ రాయి, మా ఫోర్మన్ పిల్లి

పోస్టు పెట్టక చాలా రోజులైంది. రూంలో మనిషికి బాగలేక టైం దొరకలేదు. ఇప్పుడు అంతా మంచిగనే ఉంది. జరిగింది రాస్తున్నం, సెలవు రోజు తీరికగా చదవండి.

మాది దుబాయ్ సోనాపూర్‌లో ఆరుగురం ఉండే రూం. మూడు డబుల్ మంచాలు, ఒక ఏసీ, ఒక పిల్లి. పిల్లి సంగతి క్యాంప్ బాస్‌కు తెలిస్తే ఊరుకోడు. పోయిన ఎండాకాలం ఏసీ కింద పెట్టిన బకెట్ల నీళ్లు తాగడానికి వచ్చి ఇక పోలేదు. ఫోర్మన్ అని పేరు పెట్టినం. ఎందుకంటే పొద్దున నాలుగు కాకముందే ఛాతీ మీద ఎక్కి అందరినీ లేపుతడు, తను మాత్రం ఏ పనీ చెయ్యడు, మనం తింటుంటే ఎదురుగా కూర్చొని ముద్దలు లెక్కపెడతడు. ఆ పేరు పెట్టినప్పటి నుంచి 'అది' అనడం మానేసి 'వాడు' అంటున్నం.

ఇక బావ. జగిత్యాల దిక్కు మనిషి, షట్టరింగ్ కార్పెంటర్, రూంలో అందరికంటే పెద్దోడు. ఎవరికీ చుట్టం కాదు, అయినా అందరికీ బావే. వాళ్ల నాయిన పోయిండని ఫోన్ వచ్చిన రోజు కూడా డ్యూటీకి పోయిన మనిషి. అట్లాంటోడు జులైలో ఒక రాత్రి రెండు గంటలకు మంచం దిగి, నేల మీద ముడుచుకొని ఏడ్చిండు.

ముందు గ్యాస్ అనుకున్నం. ఈనో కలిపి ఇస్తే కక్కిండు. ఎడమ డొక్కల మొదలైన నొప్పి గజ్జల దాకా దిగుతోందట. కూర్చోలేడు, పండలేడు, నిలబడలేడు. ఫోర్మన్ ఏమో ఇదేదో కొత్త ఆట అనుకొని, కొట్టుకుంటున్న ఆయన కాలి వేళ్ల మీద దుంకుడే దుంకుడు. వాడిని బయట పడేసి, టాక్సీ పిలిచి దవాఖానకు తీసుకపోయినం.

సూది వేసి స్కాన్ తీసిండ్రు. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో 9 మిల్లీమీటర్ల రాయి అడ్డం పడిందట. చిన్న రాళ్లు నీళ్లతోనే పడిపోతయి గాని ఇంత పెద్దది కష్టం అన్నడు డాక్టర్. తర్వాత ఆయన అడిగిన మాట: "రోజుకు నీళ్లు ఎన్ని తాగుతవ్?"

బావ మా దిక్కు చూసిండు. మేం నేల చూసినం.

మీకు చెప్పక్కర్లేదు. మేం పని చేసేది 14వ అంతస్తులో, టాయిలెట్ ఉండేది కింద. లిఫ్ట్ కోసం ఆగి, దిగి, మళ్లీ పైకి ఎక్కేసరికి అరగంట. రెండోసారి అడిగితే అసలు ఫోర్మన్ మొహం మాడ్చుకుంటడు. అందుకని మేం కనిపెట్టిన ఉపాయం నీళ్లు తాగకపోవడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఎండల పని చేయించొద్దని ఇక్కడ రూల్ ఉన్నది కదా, ఆ టైంలో నీడకు పండుకుంటం గాని నీళ్లు మాత్రం తాగం. తాగితే పైకెక్కినంక మళ్లీ దిగాలె. చెమట రూపంలో పోయేది పోతనే ఉంటది. ఒంటికి పోతే చాయ్ రంగు. బావ ఒక్కడే కాదు, ఆరుగురిదీ అదే కథ.

ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. ఉలవచారు తాగమని ఒకరు, కొండపిండి ఆకు అని ఒకరు, అరటి దూట రసం అని ఇంకొకరు. సోనాపూర్‌లో కొండపిండి ఆకు ఎక్కడ తేవాలె? చివరికి ఆపరేషనే చేసిండ్రు. కోత లేదు. ఒంటికి పోయే దారిలోనే సన్నని కెమెరా గొట్టం పంపి, లేజర్‌తో రాయిని పగలగొట్టిండ్రు. వాపుకు దారి మూసుకపోకుండా లోపల స్టెంట్ అని ఒక మెత్తటి సన్న గొట్టం పెట్టిండ్రు. ఒక కొన కిడ్నీలో, ఒక కొన మూత్రాశయంలో. రాసిచ్చిన తారీఖుకు వచ్చి తీయించుకోవాలె అన్నరు.

ఆపరేషన్ మత్తులో తెలియలేదు గాని, స్టెంట్ తోటి అసలు నరకం మొదలైంది. అరగంటకోసారి ఒంటికి. పోయిన ప్రతిసారి నొప్పి కింద నుంచి డొక్కలకు ఎగతన్నుతదట. మూత్రం ఎర్రగా. మా వరండా చివరి బాత్రూంలో నల్లా గట్టిగ తిప్పిన చప్పుడు వస్తే, బావ లోపల ఉన్నడని, మూలుగు వినబడకుండా నల్లా తిప్పిండని మాకు తెలిసేది.

రాయి ముక్కలు పడితే పరీక్షకు తెమ్మన్నరు. అందుకని కొత్త చాయ్ జాలి కొని, గుర్తు కోసం ఎర్ర టేపు చుట్టి, బావ మంచం కింద పెట్టినం. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫోర్మన్ ఆ టేపు మొత్తం పీకి పారేసి, జాలిని ఈడ్చుకొచ్చి, చాయ్ జాలి పక్కన పడేసిండు. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి. ఏది దేనిదో ఆరుగురం కలిసి తేల్చలేకపోయినం. రెండూ చెత్త డబ్బాలో వేసినం. ఆరోజు చాయ్ లేదు. బావ నవ్విండు, నవ్వితే డొక్కల నొప్పి లేచి మళ్లీ తిట్టిండు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తం. ఆగస్టు 10న బావకు ఇంటికి టికెట్ ఉన్నది, రెండు నెలల లీవు. స్టెంట్ ఎప్పుడు తీస్తరు అంటే, "లీవు నుంచి వచ్చినంక" అన్నడు. మేం నమ్మినం.

ఆగస్టు 5 రాత్రి ఫోర్మన్ నిద్ర పోనియ్యలేదు. ఒక కాగితం ఉండను మంచాల కింద దొర్లిస్తూ, గోడకు కొడుతూ ఒకటే ఆట. లైటు వేసి వాడి కాళ్ల సందున నుంచి ఉండ గుంజుకొని విప్పి చూస్తే దవాఖాన చీటీ. స్టెంట్ తీసే తారీఖు: ఆగస్టు 6. అంటే తెల్లారితేనే. బావే ఉండ చుట్టి చెత్తలో వేసిండు, వాడు ఏరుకొచ్చిండు.

ఎందుకిట్ల చేసినవ్ బావా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటి బయటికొచ్చింది. మత్తు ఇయ్యకుండనే తీస్తరని పక్క రూం మనిషి భయపెట్టిండట. ఇన్సూరెన్స్ ఉన్నా మన వాటా కట్టాలె కదా, మొదటిసారి కట్టిన 500 దిర్హాములు మేం అయిదుగురం తలా 100 వేసుకున్నవి, మళ్లీ అడగడానికి సిగ్గు. ఇంకొక రోజు సెలవంటే జీతం కోస్తరని భయం. ఇంటికాడ అప్పు ఇంకా ఉన్నది.

ఆ రాత్రే దవాఖానకు ఫోన్ చేసినం. స్టెంట్‌ను నెలల తరబడి మరిచిపోతే దాని మీదనే మళ్లీ రాయి కడుతది, అప్పుడు తీయడానికే పెద్ద ఆపరేషన్ పడొచ్చు, కిడ్నీ కూడా దెబ్బ తినొచ్చు అని సిస్టర్ చెప్పింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బావకు వినిపించినం.

జీతం సంగతి కూడా అందరూ గుర్తు పెట్టుకోండి. యూఏఈ లేబర్ చట్టంలో ప్రొబేషన్ దాటినోళ్లకు ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు ఉన్నది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలినవి జీతం లేకుండా. మూడు పని దినాల లోపల కంపెనీకి చెప్పి, మెడికల్ రిపోర్టు ఇయ్యాలె. బావకు ఇన్నేండ్లలో ఈ సంగతి తెలియదు. మాకూ తెలియదు, అప్పుడే తెలుసుకున్నం.

తెల్లారి మాలో ఇద్దరం తోలుకపోయినం. తిమ్మిరెక్కే జెల్లీ పోసి, కెమెరా గొట్టం పంపి, కొన పట్టి గుంజుతరు. "ఓ అవ్వా" అని ఒక్క కేక బయటికి వినబడింది. కొన్ని నిమిషాల్లో అయిపోయింది. బావ కాళ్లు ఎడం పెట్టి నడుచుకుంట బయటికొచ్చి, "నొప్పి నిజమే గాని, పదిహేను రోజుల నుంచి పడ్డదాని ముందు ఇదెంత" అన్నడు. ఒకటి రెండు రోజులు మంట ఉన్నది. 10వ తారీఖు విమానం ఎక్కిండు.

ఆయన లేకుండ రూం బోసిగా ఉన్నది. మేం అయిదుగురం కలిసి సైట్‌లో ఫోర్మన్‌తో మాట్లాడినం. ఒక్కొక్కరం అడిగితే గులిగేటోడు, అందరం అడిగితే "పోయి రండి, జల్ది" అన్నడు. అంతే, గొప్ప మార్పేం కాదు. కాని ఇప్పుడు దిగుతున్నం, తాగుతున్నం. మీరు కూడా మూత్రం రంగు చూసుకోండి. చాయ్ రంగుంటే నీళ్లు తక్కువైనట్టే. నొప్పి లేస్తే రూంలో చెప్పండి. నల్లా తిప్పి దాచుకోకండి.

బావ రోజూ ఫోన్ చేసి ముందు ఫోర్మన్ ఎట్లున్నడు అని అడుగుతడు, తర్వాతనే మా సంగతి. ఇది రాస్తుంటే వాడు వచ్చి నీళ్ల సీసా మూత ఎత్తుకపోయిండు. మూత లేని సీసా ఎంతసేపని పట్టుకుంటం, తాగుడే ఇక.