దవావో పూటకూళ్ళు

మన సంస్థ ఉద్యోగులు ఎల్.టి.సి. మీద కాశ్మీరం మొదలు కన్యాకుమారి వరకు తిరిగివచ్చి ఈ పత్రికలో యాత్రానుభవాలు వ్రాయడం పరిపాటి. నేను వెళ్ళివచ్చిన ఊరికి ఎల్.టి.సి. వర్తించదు. అక్కడి కోటలను గాని ప్రార్థనాలయాలను గాని వర్ణించే ఉద్దేశమూ నాకు లేదు. అక్కడ ఉన్న పది రోజులూ ముఖ్యంగా భోజనం చేయడంలోనే గడిచిపోయినవి. అందుకు కారణం మా ఇంటి ఇల్లాలు.

మా అమ్మాయి ఫిలిప్పీన్స్ దేశంలోని దవావో నగరంలో వైద్యవిద్య అభ్యసిస్తున్నది. అక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ పత్రిక చదివే కుటుంబాలలోనూ పిల్లలను అక్కడికి పంపినవారు, పంపవలెనని ఆలోచించేవారు ఉండవచ్చు. 2024 ఆగస్టులో నాకు సెలవు మంజూరైనది. మా అమ్మగారికి ఆరోగ్యం బాగుండనందున నా శ్రీమతి బయలుదేరలేకపోయినది. నాకు మాత్రం ఒక పని అప్పగించినది. "ఊరు చూసినా చూడకపోయినా ఫరవాలేదు. పిల్ల ఏం తింటోందో కళ్ళారా చూసి రండి. ఫోనులో అడిగితే 'తిన్నానమ్మా' అంటుంది గాని ఏం తిన్నదో చెప్పదు." ఆ మాటతో పాటు గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు కలిపి ఏడు కిలోల బరువు కూడా నా పెట్టెలో చేరినది.

విశాఖపట్నం నుండి సింగపూరు, అక్కడి నుండి దవావో. ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న మిందనావో ద్వీపంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద నగరమిది. పశ్చిమాన ఆ దేశపు అత్యున్నత శిఖరమైన అపో పర్వతం, 2,954 మీటర్లు. వాతావరణం అచ్చం మన కోస్తా వాతావరణమే. చెమట, కొబ్బరిచెట్లు, అరటితోటలు. మన గడియారం కంటె రెండున్నర గంటలు ముందుంటారు. కనుక నా ఆకలి మొదటి రెండు రోజులూ ఎప్పుడు వేయవలెనో తెలియక అవస్థపడినది.

మొదటి సాయంకాలం అమ్మాయి నన్ను జాలీబీకి తీసుకువెళ్ళినది. ఎర్రని తేనెటీగ బొమ్మ గుర్తుగా గల ఈ సంస్థ 1975లో ఒక ఐస్‌క్రీము దుకాణంగా మొదలై, అమెరికా నుండి వచ్చిన పెద్ద పేర్లను సొంత గడ్డపై వెనుకకు నెట్టినది. వేయించిన కోడిముక్క, కాగితంలో చుట్టిన అన్నపు ముద్ద, చిన్న గిన్నెలో చిక్కని గ్రేవీ: ఇదీ వారి ప్రధాన భోజనం. బర్గరు అమ్మేచోట అన్నం అడగకుండానే పెట్టడం చూసి నాకు ఆ దేశం మీద గౌరవం కలిగినది. కాని పిల్లలంతా ఇష్టంగా తింటున్న స్పగెట్టి నోట పెట్టగా తియ్యగా ఉన్నది! సేమ్యా పాయసంలో టమాటా వేసినారేమో అన్నాను. "నాన్నా, ఇక్కడ అందరూ పుట్టినరోజుకి ఇదే తింటారు, మెల్లగా అనండి" అన్నది అమ్మాయి. కౌంటరులో డబ్బు కట్టినప్పటి నుండి పళ్ళెం చేతికి వచ్చేవరకు నాలుగు నిమిషాలు పట్టినది. మన క్యాంటీన్ కమిటీ సభ్యునిగా ఈ విషయం నేను ప్రత్యేకంగా గమనించినాను.

మరునాడు మాంగ్ ఇనసాల్. ఇది 2003లో ఇలోయిలో నగరంలో పుట్టిన దుకాణం. నిమ్మరసం, లెమన్‌గ్రాస్ పట్టించి బొగ్గుల మీద కాల్చిన కోడి ఇక్కడి ప్రత్యేకత. అన్నం ఎన్నిసార్లయినా వడ్డించే పద్ధతిని 'అన్‌లీ రైస్' అంటారు. కుర్రవాడు అన్నపు బకెట్టుతో వరుసల మధ్య తిరుగుతుంటాడు. చేయి ఎత్తితే చాలు. మన పెండ్లిపందిరిలో వడ్డన జ్ఞాపకం వచ్చినది. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకొనే నాకు ఇది విందో పరీక్షో తెలియలేదు. రెండవసారి చేయి ఎత్తబోగా అమ్మాయి డాక్టరు చూపు చూసినది.

ఈ రెండు చోట్లా బాగున్నదని శ్రీమతికి ఫోనులో నివేదించినాను. "అవి హోటళ్ళు. రోజూ తినేది చెప్పండి" అన్నది. నేను నెలనెలా మెస్సు నిమిత్తం 7,500 పెసోలు పంపుతూ వచ్చినాను. ఒక పెసో మన రూపాయిన్నరకు దగ్గర. భారతీయ విద్యార్థుల కోసం నడిచే ఆ మెస్సులో భోజనం చేద్దామన్నాను. అమ్మాయి "రేపు చూద్దాం నాన్నా" అన్నది. ఆ మరునాడూ అదే మాట.

మూడవనాడు మధ్యాహ్నం తన వసతిగృహం వెనుక సందులో ఒక కారిన్దేరియాకు తీసుకువెళ్ళినది. కారిన్దేరియా అంటే మన పాతకాలపు పూటకూళ్ళ ఇల్లే. ఆ మాట 'కారీ' నుండి పుట్టినదని కొందరు చెబుతారు. 1762లో ఆంగ్లేయులు మద్రాసు నుండి వెళ్ళి మనీలా నగరాన్ని పట్టుకొన్నప్పుడు వెంట వెళ్ళిన సిపాయిలలో కొందరు అక్కడే స్థిరపడిన మాట చరిత్రలో ఉన్నది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, అద్దాల అలమరలో వరుసగా కూరగిన్నెలు. పేర్లు తెలియనక్కరలేదు, వేలితో చూపితే చాలు. అందుకే దీనికి 'తురో-తురో' అని మరొక పేరు, చూపుడు-చూపుడు అని అర్థం. వంట తెల్లవారకముందే అయిపోతుంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి గిన్నెలు అడుగంటుతాయి. మిగిలినది రేపటికి ఉంచడమన్నది లేదు. మన స్టోర్సు విభాగం వారు ఏండ్ల తరబడి ప్రయత్నిస్తున్న నిల్వల అదుపును ఆ ఇల్లాలు ఒక గరిటెతో సాధించినది.

మన ఇంట చేప, కోడి తింటాము. పంది మాంసం, గొడ్డు మాంసం తినము. అక్కడ పంది మాంసాన్ని 'బాబోయ్' అంటారు. ఇది నా కల్పన కాదు, నిజంగా ఆ మాటే. 'వలాయ్ బాబోయ్' అంటే పంది మాంసం లేకుండా అని. మొదట వచ్చిన తెలుగు పిల్లలు నేర్చుకొనే స్థానిక భాష అదేనట. నేనూ గిన్నెల ముందు నిలబడి "వలాయ్ బాబోయ్?" అని అడిగినాను. ఆ ఇల్లాలు నవ్వి, నా వంక గాక మా అమ్మాయి వంక చూసి, ఏమీ అడగకుండానే గిన్నెలో పెసలు వడ్డించినది.

ఆనాడు శుక్రవారం. శుక్రవారం మాంసం మానే కాథలిక్ ఆచారం వల్ల ఆ దేశంలో ఆ రోజున పెసలు వండడం ఆనవాయితీ. పొట్టుతో ఉన్న పెసలను మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేయించి కలిపి, చివర మునగాకు దూసి వేస్తారు. మన పప్పుకు కారం, పోపు తీసివేస్తే ఏది మిగులుతుందో అది. చాలాచోట్ల ఇందులోనూ పంది మాంసపు ముక్కలో ఎండుచేపలో వేస్తారు. ఇక్కడ ఒక చిన్న గిన్నె వేరుగా తీసి ఉంచినారు. పక్కన 'లావ్-ఉయ్' అనే పలుచని కూరగాయల పులుసు. అందులో గుమ్మడి, బెండ, వంకాయ, నేతిబీర, బచ్చలి, మునగాకు. సముద్రాలు దాటి వచ్చి నేను చూసినది మా పెరటి పాదులనే. నాకు చాలా సంతోషం కలిగినది, ఆ ఇల్లాలు మాట్లాడేవరకు.

అక్కడివారు ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారు. "మీరు ఈ పిల్లకు నాన్నగారా? చాలా మంచి పిల్ల. పోయిన సంవత్సరం నుండి రెండుపూటలా ఇక్కడే. రాత్రిపూట మాత్రం సగం అన్నమే అడుగుతుంది. మీరైనా చెప్పండి" అన్నది ఆమె.

నేను పెసలలో చెంచా త్రిప్పుతూ ఉండిపోయినాను. అమ్మాయి తల వంచుకొన్నది. ఇద్దరికీ కలిపి బిల్లు 140 పెసోలు. ఆమె చెల్లించబోగా నేను వారించలేదు. ఆ క్షణాన నాకు తోచలేదు.

జీప్నీలో కూర్చున్న తరువాత అడిగినాను. (జీప్నీ అంటే రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా సైన్యం వదలివెళ్ళిన జీపులను సాగదీసి చేసిన బండికి వారసురాలు. ప్రయాణికులు ఎదురెదురుగా కూర్చుంటారు. చిల్లర చేతులు మారుతూ డ్రైవరుకు చేరుతుంది. సంజాయిషీ అడగడానికి అంత అనుకూలమైన వాహనం కాదు.) మెస్సు మానివేసి పదునాలుగు నెలలైనదట. అక్కడి భోజనానికి వంక పెట్టలేదు. కారిన్దేరియాలో తింటే నెలకు 2,500 పెసోలకు పైగా మిగులుతున్నవట. ఆ డబ్బుతోనే స్టెతస్కోపు, రక్తపోటు చూసే పరికరం, రెండు పుస్తకాలు కొన్నది. అవి సీనియర్లు ఇచ్చినవని మాకు చెప్పినది.

"డబ్బు కావాలంటే నన్ను అడగవచ్చును గదా తల్లీ!"

"మీరు పి.ఎఫ్. అడ్వాన్సు రెండోసారి తీసుకున్నారని మాకు చెప్పారా నాన్నా?"

నా వద్ద సమాధానం లేదు. మరి రెండేండ్లలో నా పదవీ విరమణ. ఆ అడ్వాన్సు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనే నేను అనుకొంటూ వచ్చినాను.

ఆ తరువాతి వారం రోజులూ నేను కూడా ఆమె తినే చోటే, ఆమె తినేదే తిన్నాను. ఇది శిక్షగా కాదు, తనిఖీగా. ఉదయం పాండెసాల్ అనే చిన్న రొట్టెలు, కోడిగుడ్డు. మధ్యాహ్నం అన్నం, ఒక కూర, ఒక చేప లేదా తినోలా. తినోలా అంటే అల్లం, పచ్చి బొప్పాయి ముక్కలు, మునగాకు వేసిన కోడిపులుసు. జ్వరం తగిలి లేచినవారికి మన మిరియాల చారు ఎంతో అది అంత. అడోబో మాత్రం వెనిగరు, సోయా సాసులలో ఉడికించిన మాంసం. కోడితో చేసినది బాగుంటుంది గాని మూడవనాటికి నా నాలుక కారం కోసం అల్లాడినది. గ్లాసెడు పెరుగు దొరకడం కష్టం. పిల్ల బలహీనత ఏదైనా ఉంటే అది ఇక్కడ అని గుర్తించినాను. రాత్రి సగం అన్నానికి నిద్ర రాకుండా చదువుకోవడానికేనని కారణం చెప్పినది. పూర్తిగా నమ్మలేదు. అయినా ఆ పూటకు ఒక గుడ్డు అదనంగా తినేలా ఒప్పందం కుదిరినది.

ఒక తెల్లవారుజామున బంకెరోహన్ బజారుకు వెళ్ళినాము. దవావో నది సమీపాన ఉన్న పెద్ద సంత అది. బచ్చలి కట్టలు, మునగరెమ్మలు, పంపర పనసలు, పచ్చి పనస. అక్కడ బల్ల మీద కూర్చుని తిన్న 'పుతో మాయ' నాకు ఆ ఊరిలో అన్నిటికంటె నచ్చిన ఫలహారం. జిగట బియ్యాన్ని కొబ్బరిపాలు, అల్లం వేసి ఆవిరిమీద వండుతారు. తోడుగా ఆ ప్రాంతంలోనే పండిన కోకోతో కాచిన 'సిక్వాతే' అనే చిక్కని వేడి పానీయం, ఒక మామిడి చెక్క. చక్కెర వేయకుండా ఇమ్మన్నాను. అల్లం రుచి అప్పుడే బాగా తెలిసినది.

సాయంకాలపు చిరుతిండిని 'మెరియెండా' అంటారు. బొంత అరటివంటి కాయను గోధుమరంగు పంచదారలో వేయించి పుల్లకు గుచ్చితే బనానా క్యూ. నిప్పులమీద కాల్చి వెన్నవంటి మార్గరిన్ పూసి పంచదార చల్లితే గినంగాంగ్. రెండవదే నాకు మేలు. రొహాస్ వీధిలోని రాత్రి బజారులో పుల్లలకు గుచ్చి కాల్చే వస్తువుల జాబితా చాలా పొడవు, అందులో కోడి ప్రేగులు కూడా ఉన్నవి. అక్కడ నేను ప్రేక్షకునిగానే మిగిలినాను. పిండం ఏర్పడిన బాతుగ్రుడ్డు 'బలూత్' విషయంలోనూ అంతే.

ఆగస్టులో అక్కడ కడయావన్ అనే పంటల పండుగ జరుగుతుంది, దురియన్ పండ్లు విరివిగా వస్తాయి. హోటళ్ళలోకి తీసుకురాకూడదని బోర్డు పెట్టేటంతటి వాసన గల పండు ఇది. మెగ్సాయ్‌సాయ్ పార్కు దగ్గర దుకాణాలలో అక్కడికక్కడే కోసి ఇస్తారు. మన పనస తొనను మీగడలో నానబెట్టి, పక్కన గ్యాసు లీకయినట్లు ఊహించుకొంటే సరిపోతుంది. నేను రెండు తొనలు తిన్నాను. రాత్రి రక్తంలో చక్కెర చూసినది అమ్మాయే, తన పరికరంతో. ఆ అంకె ఇక్కడ వ్రాయను.

బయలుదేరే ముందురోజు గోంగూర సీసా ఒకటి ఆ పూటకూళ్ళ ఇల్లాలికి ఇచ్చినాను. కాల్చిన చేపతో నంజుకొని కళ్ళు గట్టిగా మూసి "అస్లుమ్!" అన్నది. పులుపు అని అర్థం. మళ్ళీ వేలు పెట్టి నాకినది. "రాత్రిపూట కూడా పూర్తి అన్నం పెడతాను, డబ్బు సగానికే తీసుకొంటాను" అన్నది. వద్దన్నాను. పూర్తికే తీసుకోమని, ఆ తేడా అక్కడే ముందుగా చెల్లించి వచ్చినాను. అమ్మాయికి ఈ విషయం అప్పుడు చెప్పలేదు.

శ్రీమతికి ఇంటికి వచ్చిన తరువాత అంతా చెప్పినాను, పి.ఎఫ్. అడ్వాన్సుతో సహా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పెసలలో మునగాకు ఎప్పుడు వేస్తారట, ఉడికేటప్పుడా, దించే ముందా?" అని అడిగినది. దించే ముందు.

మెస్సు పేరుతో పంపే సొమ్ము నేటికీ అంతే పంపుతున్నాను. ఇప్పుడు ఫోనులో 'తిన్నానమ్మా' అనడంతో సరిపెట్టకుండా ఏమి తిన్నదో కూడా చెబుతున్నది. శుక్రవారం నాడు మాత్రం చెప్పనక్కరలేదు. ఆ రోజు మా ఇంట కూడా పెసలే.