పెద్దాపురంలో ఓ కౌన్సెలింగ్ గది

పెద్దాపురం మెయిన్ రోడ్డు నుంచి ఓ సందులోకి తిరిగి మేడమెట్లెక్కితే ఆ గది. బోర్డు రోడ్డు మీదికి కనబడదు. కావాలనే అలా పెట్టించానన్నారు కౌన్సెలర్ మేడమ్. సైకాలజీలో పీజీ చేసి, కొన్నేళ్ళు కాకినాడలో పనిచేసి సొంతూరు వచ్చారావిడ. ఎవరింటి కోడలు ఎటు వెళ్ళిందో సాయంత్రానికల్లా మరిడమ్మ గుడి దాకా తెలిసిపోయే ఊరిది. అందుకే ఒకరు మెట్లు దిగి వెళ్ళాక కాసేపు ఆగి గానీ మరొకరిని రమ్మనరు.

వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటే ఓ మూల కూర్చుని చూడొచ్చా అని అడిగాను. "కుదరదండి. ఇవాళ మిమ్మల్ని కూర్చోబెడితే రేపట్నుంచి నన్నెవరు నమ్ముతారు?" అన్నారు. ఆ మాటతో నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. కొత్తవాళ్ళు కూర్చునే కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, మొదటి రోజు ఏం జరుగుతుందో వరసగా చెప్పుకొచ్చారు.

కుర్చీలు రెండూ ఎదురెదురుగా లేవు, కాస్త ఏటవాలుగా వేశారు. మధ్యలో బల్ల లేదు. మాట పెగలనప్పుడు చూపు తిప్పుకోవడానికి పక్కన కిటికీ ఉంది. గోడ గడియారం నా వెనకవైపు. గుండెలోది చెప్పుకుంటున్న మనిషి ముందు ఆవిడ చెయ్యెత్తి టైము చూసుకుంటే, ఆ మనిషి గబుక్కున ముగించేస్తారు. అలా కాకూడదనే గడియారం అక్కడ పెట్టారు.

ప్రశ్నలకంటే ముందు ఒక హామీ ఇస్తారు. ఇక్కడ చెప్పింది బయటికి పోదు, తీసుకొచ్చినవాళ్ళకి కూడా చెప్పరు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి ఉంటే మాత్రం ఇంట్లోవాళ్ళకో డాక్టరుకో చెప్పాల్సి వస్తుంది. ఆ సంగతీ అప్పుడే చెప్పేస్తారు. మానసిక వైద్యం పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా అంటోంది.

తర్వాత అడిగేవి మామూలు సంగతులే. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, ఏం మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరెవరుంటారు. థైరాయిడ్ పరీక్ష చేయించారా అని కూడా అడుగుతారు. థైరాయిడ్ తగ్గితే మనిషి నీరసపడిపోతారు, దిగులుగా ఉంటారు. రక్తపరీక్ష చేయించకుండా అంతా మనసు మీదికి నెట్టకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్నని మాత్రం ఆవిడ చుట్టూ తిప్పరు, సూటిగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు గానీ, అలా జరగదు. ఒకరు అడిగారన్నదే చాలామందికి ఊరట.

తీసుకొచ్చేవాళ్ళతోనే అసలు తంటా. "మా ఆవిడకి కాస్త బుద్ధి చెప్పండి మేడమ్" అంటూ వచ్చే భర్తలున్నారు. పోలీస్ స్టేషన్లో మొగుడూ పెళ్ళాలకి ఇచ్చే కౌన్సెలింగే చాలామంది ఎరుగుదురు. అక్కడ నచ్చజెప్పి, రాజీ చేసి పంపుతారు. ఇక్కడ తీర్పుండదు, మందలింపుండదు. భర్తని బయట కూర్చోమంటారు. కొందరికి కోపమొస్తుంది. రానివ్వండి. లోపల మాట్లాడే ఆ ముప్పావుగంట భార్యదే.

ఇక్కడికి కొంతకాలంగా వస్తున్న ఒకావిడ నాతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. వాళ్ళది పట్టు నేసే కుటుంబం. "మొదటిరోజు నేను చెప్పింది తలనొప్పి గురించేనండి. ఇంటికెళ్ళాక ఇంకా బరువుగా అనిపించింది. డబ్బులు దండగనుకున్నాను. మూడోసారికి గానీ మా నాన్న పోయిన సంగతి ఎత్తలేకపోయాను."

మేడమ్ ఏమీ తవ్వి తీయలేదట. తలనొప్పి గురించి చెబితే తలనొప్పి గురించే విన్నారట. ఈ మాట నా మనసులో నాటుకుంది. వెళ్ళగానే అన్నీ కక్కేయాలేమోనన్న బెరుకుతోనే ఎంతమంది మెట్ల దగ్గరే ఆగిపోతున్నారో! చెప్పడం ఇష్టం లేనిది చెప్పనక్కర్లేదు. సలహా కోసం వెళ్ళినవాళ్ళు ఒట్టిచేతులతో వచ్చామనుకోవచ్చు. రెండు మూడుసార్లు వెళ్ళి చూడాలి. అప్పటికీ పొసగకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. ఫీజెంతో, వాళ్ళేం చదువుకున్నారో మొహమాటపడకుండా ముందే అడగాలి. క్లినికల్ సైకాలజిస్టులకైతే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది.

కౌన్సెలర్ మేడమ్ మందులు రాయరు. రాత్రుళ్ళు బొత్తిగా నిద్ర లేనివాళ్ళనీ, లేని మాటలు వినబడుతున్నాయనేవాళ్ళనీ కాకినాడ పెద్దాసుపత్రికి పంపుతారు. రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రే అది, మానసిక వైద్య విభాగం ఉంది. సైకియాట్రిస్టు మందిచ్చినంత మాత్రాన ఇక్కడి మాటలు ఆపేయక్కర్లేదు, రెండూ కలిపే నడుస్తాయి.

అంతదూరం వెళ్ళలేనివాళ్ళకి, రాత్రివేళ ఒంటరిగా నలిగిపోయేవాళ్ళకి ఆవిడ ఒక నంబరు రాసిస్తున్నారు: 14416. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి అది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఏ వేళనైనా చేయొచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.