అమ్మ నడుం వాల్చింది

అమెరికాలోని ఎడిసన్‌లో మా ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో శనివారం సాయంత్రాలు యోగా క్లాసు. పగలు ఇక్కడి మీటింగులు, రాత్రి ఇండియా టీముతో కాల్సు. మెడా భుజాలూ బిగుసుకుపోయి ఏడాదైంది. చెమటలు పట్టేలా వంచి లేపుతారనుకుని వెళ్లాను. టీచరమ్మ పడుకోమంది. గంటలో 5 ఆసనాలే, ఒక్కోటీ పది నిమిషాలు. వెన్ను కింద పొడుగాటి దిండు, మోకాళ్ల కింద దుప్పటి మడత, కళ్ల మీద అవిసె గింజలు నింపిన చిన్న సంచి. ఒంట్లో ఏ భాగమూ ఆసరా లేకుండా ఉండకూడదట. దీన్నే ‘రెస్టోరేటివ్ యోగా’ అంటారట. డబ్బులిచ్చి పడుకోవడమేమిటని నవ్వొచ్చింది. మూడో ఆసనంలో గురక కూడా పెట్టానని పక్కనున్న పెద్దావిడ చెప్పింది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది అమెరికా వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. శవాసనం అలసట తీరుస్తుందని, మనసుకు విశ్రాంతినిస్తుందని హఠయోగ ప్రదీపిక అనే పాత గ్రంథంలోనే ఉంది. చిన్నతనమంతా జబ్బులతో గడిపిన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్, పుణేలో తన దగ్గరికొచ్చే రోగుల కోసం కుర్చీలు, దుప్పట్లు, తాళ్లు, చెక్క ఇటుకలు వాడి ఆసనాలను సులువు చేశారు. ఆ పద్ధతిలో నేర్చుకున్న జుడిత్ లాసటర్ 1995లో పుస్తకం రాసి అమెరికాలో దీనికి ప్రచారం తెచ్చింది. ఊపిరి నిదానంగా వదిలేకొద్దీ గుండె వేగం తగ్గుతుంది. ఇందులో కిటుకంతా అదే.

‘మా ఊళ్లో దీన్ని నడుం వాల్చడం అంటారు’ అని క్లాసులో గొప్పగా చెప్పాను. మధ్యాహ్నం భోజనమయ్యాక వేపచెట్టు కింద నులక మంచం మీద నాన్న, అరుగు మీద తాతయ్య కళ్లముందు మెదిలారు. అమ్మ ఎక్కడ పడుకునేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

పోయిన సెలవుల్లో మా ఊరు అశ్వారావుపేట వెళ్లాను. సత్తుపల్లి దాటితే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలే. పది పదిహేను రోజులకోసారి గెలలు దింపాలి. పొడుగాటి గెడకు కొడవలి కట్టి, తల పైకెత్తి కోసేది మగవాళ్లు. రాలిన పండ్లు వంగి ఏరేది ఆడవాళ్లు. మా తోటలో ముప్పై ఏళ్లుగా ఆ పండ్లు ఏరింది అమ్మే. నాలుగింటికి లేచి పాలు పితకడంతో మొదలైతే రాత్రి గిన్నెలు తోమేదాకా ఆ నడుం నిటారుగా నిలిచింది లేదు.

మధ్యాహ్నం పాత చీరలతో కుట్టిన బొంత పరిచి, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, ‘అమ్మా, ఇలా పడుకో’ అన్నాను.

‘పగలు పడుకోవడం నేర్పడానికి అమెరికా నుంచి వచ్చావా? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే?’

‘డాక్టరు చెప్పాడని చెప్పు.’

ఆ మాటకు ఒప్పుకుంది. పిక్కలు కుర్చీ మీదికి చేర్చి, తల కింద తువ్వాలు మడిచి పెట్టాను. రెండు నిమిషాలకే లేవబోయింది: ‘పొయ్యి మీద పాలున్నాయి.’ పాలు నేను చూస్తానన్నాను. చేతులు మాత్రం చాలాసేపు ఊరుకోలేదు, కొంగు సర్దుకుంటూనే ఉన్నాయి. అవి ఆగేసరికి గోడ గడియారంలో పావుగంట గడిచింది. నాన్న గుమ్మంలో నిలబడి, ‘ఒంట్లో బాలేదా?’ అన్నాడు. ఆవిడ పగలు పడుకుంటే ఆయనకు తోచిన కారణం అదొక్కటే.

ఇలా పడుకోవడానికి మందులు, మ్యాట్లు అక్కర్లేదు. ఒక కుర్చీ, రెండు దుప్పట్లు, పావుగంట చాలు. తిన్న వెంటనే వద్దు. నీటికాసులు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. లేచేటప్పుడు ఒక పక్కకి తిరిగి, చేయి ఊని నిదానంగా లేవాలి. నడుం నొప్పి దీంతోనే పోతుందని నేను చెప్పను. అమ్మకు నొప్పి ఇంకా ఉంది. తోటలో పండ్లు రాలుతూనే ఉన్నాయి మరి.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే నాన్న ఎత్తాడు. ‘మీ అమ్మ పడుకుంది, అరగంట ఆగి చెయ్యి’ అన్నాడు. జాకెట్టు ముక్కలో గుప్పెడు బియ్యం పోసి కుట్టుకుని, కళ్ల మీద పెట్టుకుంటోందట. పాలు ఆయనే కాస్తున్నాడట.