ముట్టడిలో పొలం బేరం

వార్తలు గుబులు పుట్టించే రోజుల్లో నేను కీర్తనల కన్నా ముందు యిర్మీయా 32వ అధ్యాయం తెరుస్తాను. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. రాజుకు గిట్టని మాట చెప్పినందుకు ప్రవక్త యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అప్పుడొస్తాడు పినతండ్రి కొడుకు హనమేలు, అనాతోతులో తన పొలం కొనమంటూ. (బంధువులు ఎక్కడైనా బంధువులే!) ఇది దేవుని మాటేనని గ్రహించి యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇస్తాడు. సాక్షుల సంతకాలయ్యాక, ముద్ర వేసిన దస్తావేజునూ వేయని దాన్నీ మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు చెప్తాడు, చాలాకాలం పాడవకుండా ఉండాలని.

అంతా ముగిశాకే ప్రార్థనలో తన తికమక బయటపెడతాడు: పట్టణం శత్రువు పాలవుతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి ప్రభువా అని. ప్రసంగాల్లో కొనుగోలు గురించి వింటాం గానీ ఈ ప్రశ్న ఊసు తక్కువ. దేవుడు మాత్రం ఆయన్ని కసరలేదు, వివరంగా జవాబిచ్చాడు.