ఒక్క పంక్తి

మా భద్రాచలమున రామయ్య పాదములకడ పారు గోదావరి, బాసరకంటెను ఎగువనున్న నాందేడు పట్టణమును తాకి వచ్చుచున్నది. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన ఆ పట్టణము నేడు మహారాష్ట్రమున నున్నది. సిక్కుల పదవ గురువగు గోవిందసింగు 1708లో అచ్చటనే దేహము చాలించెను. తన పిమ్మట మనుష్యుడెవ్వడును గురువు గాడనియు, గ్రంథసాహెబే శాశ్వత గురువనియు ఆయన శాసించినది ఆ తీరముననే. అచ్చట పంజాబు మహారాజు రణజిత్సింగు 1832–37 నడుమ కట్టించిన గురుద్వారమును హజూరు సాహెబందురు. నిరుడు మేమును, మా అత్తగారును, తోడికోడలును ఆ క్షేత్రమును చూచి వచ్చితిమి.

పాదరక్షలు విడిచి, కాళ్లు కడుగుకొని, తల కప్పుకొని లోనికి పోవలెను. పురుషులకును ఈ నియమము కలదు. వారు కొలుచు గ్రంథమున గురువుల పదములతోపాటు నేతగాడగు కబీరు, చర్మకారుడగు రవిదాసు పాడిన పదములును గలవు.

సోదరీమణులారా! మీకు ముఖ్యముగా చెప్పదలచినది అచ్చటి వంటసాలను గూర్చి. దానిని లంగరందురు. ఏ మతమువారైనను, ఏ కులమువారైనను నేలపై ఒక్క వరుసను కూర్చుండి భుజింతురు. రొట్టె, పప్పు, కూర. మాంసము లేదు, వెల లేదు. గురునానకు నాటి యీ యాచారమును రెండవ గురువు భార్యయగు మాతా ఖీవీ శ్రద్ధతో నడపెను. ఆమె వడ్డించిన నేతిపాయసపు ప్రశంస గ్రంథసాహెబుననే కలదు. అచ్చట పిండి పిసుకుట, అంట్లు తోముట మగవారును చేయుదురు. నెఱసిన గడ్డములవారు పళ్లెములు తోముచుండగా చూచి మా తోడికోడలు, “నవమినాడు మన యింట ఇట్టివాడొక్కడున్న చాలును” అని నవ్వెను.

మా అత్తగారు మడి గలవారు. అరటిపండ్లతో గడపుదునని బయలుదేరిరి. రొట్టెలొత్తుచున్న సిక్కుయువతి యొకతె, “కూర్చోండమ్మా, మాది హైదరాబాదే” అని తెలుగున పలుకరించెను. 1832 ప్రాంతమున నిజాము కొలువునకు వచ్చిన సిక్కు సైనికుల సంతతివారు తెలంగాణమున స్థిరపడి మన భాషను నేర్చిరట. అత్తగారు ఆమె ప్రక్కను కూర్చుండి గడియసేపు రొట్టెలొత్తిరి. పిదప తామే పోయి పంక్తిలో కూర్చుండిరి. ఒక ప్రక్క లారీ నడపువాడు, ఇంకొక ప్రక్క బిచ్చగత్తె. అందఱివలెనే రెండు చేతులు చాచి రొట్టె నందుకొని, మాటాడక భుజించిరి.

తిరుగుప్రయాణమున రైలులో ఆమె, “మనకు అడ్డాకులు తెచ్చు కోయపిల్ల నవమినాడెక్కడ తినును?” అని యడిగిరి. అడవిలో ఆకు కోసి, ఎండబెట్టి, విస్తళ్లు కుట్టి తెచ్చునది ఆమె. మా వీథిలోని పంక్తులన్నియు ఆ విస్తళ్లమీదనే సాగును. ఆమె భోజనము మాత్రము పెరటిగట్టు మీద.

వచ్చు నవమికి ఆమెకును మా నడుమనే విస్తరి వేయుదమని అత్తగారే నిశ్చయించిరి. బంధువులలో కొందఱు ముఖము త్రిప్పుకొందురని యెఱుగుదుము. ఐనను క్షేత్రమునకు పోయినవారు ప్రసాదము తెచ్చి నలుగురికి పంచవలెను గదా! మేము తెచ్చిన ప్రసాదమిది. మీ యింటి పంక్తిలో ఎవరికి చోటు లేదో మీరును ఒకమారు చూచుకొనుడని వేడుచున్నాము.