ఏడు కిలోల లడ్డు

పిల్లికి కీళ్ళనొప్పులంటే మా క్లాసులో ఒక్కడూ నమ్మలేదు. "షుగర్ గూడ ఉన్నదా?" అని అడిగాడొకడు. లావు పిల్లులకు షుగర్ నిజంగానే వస్తుందని చెప్తే ఇంకా నవ్వారు.

లడ్డుది ఆదిలాబాద్. అమ్మమ్మ వాళ్ళ పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ పాలు, పెరుగన్నం పెట్టి పెంచింది. ఆమె కొడుకు దగ్గరికి పుణె వెళ్తూ, పదేళ్ళు దాటిన ఆ పిల్లిని అమ్మమ్మకు అప్పజెప్పింది. డిసెంబర్‌లో అమ్మమ్మ మోకాళ్ళు చూపించుకోవడానికి కరీంనగర్ వస్తే, కూరగాయల బుట్టలో లడ్డు కూడా బస్సు దిగింది. ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా, అక్కడ అది కుంపటి పక్కనుంచి లేచేదే కాదట. "ఒట్టి సోమరిపోతు" అంటుంది అమ్మమ్మ, ముద్దుగానే.

నాకు అనుమానం వచ్చింది దాని వీపు చూసి. పిల్లి అన్నాక రోజంతా ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది. దీని నడుము మీద వెంట్రుకలు జడలు కట్టాయి, నోరు అక్కడిదాకా అందట్లేదు. దివాన్ ముందు నిలబడి పైకి చూసేది, వెనక కాళ్ళు సర్దుకునేది, మళ్ళీ కూర్చుండిపోయేది. మట్టి పోసిన టబ్బు పక్కనే ఉన్నా బయటే పోసేది. దాంతో అమ్మకు కోపమొచ్చింది. "సంక్రాంతి దాకా చూస్త. తర్వాత మార్కెట్ల ఇడిచిపెట్టి రా." మార్కెట్ కుక్కల మధ్య ఈ పిల్లి ఒక్క రాత్రి కూడా బతకదు.

కోరుట్ల వెటర్నరీ కాలేజీలో చదివిన డాక్టర్ ఒకాయన దాని కాళ్ళు మెల్లగా మడిచి చూశాడు. తుంటి దగ్గర చెయ్యి పడగానే లడ్డు తల తిప్పి కొరకబోయింది. అరుపు లేదు, మూలుగు లేదు. పిల్లులు నొప్పిని అంతగా దాచుకుంటాయి. 2002లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల కనిపించింది. అంటే మనం సోమరితనం అనుకునేది చాలాసార్లు నొప్పే.

డాక్టర్ తక్కువ మోతాదులో మందు రాశాడు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం ముట్టించొద్దన్నాడు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. (ఇది చదివి మరిచిపోకండి.) అసలు వైద్యం బరువు తగ్గించడం. నేను లడ్డును ఎత్తుకుని కాటా ఎక్కి, నా బరువు తీసేస్తే 7.1 కిలోలు. వారానికి ఒక శాతం, అంటే 70 గ్రాములకు మించి తగ్గకూడదట. ఒక్కసారిగా తిండి మాన్పిస్తే కొవ్వంతా కాలేయానికి చేరి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

టబ్బు ఒక పక్క గోడ కోసేశాను. మర్నాటి నుంచి లోపలే పోసింది! ఇన్నాళ్ళూ ఆ అంచు దాటలేక పడ్డ తిప్పలే అది. అమ్మ సంక్రాంతి మాట మళ్ళీ ఎత్తలేదు. దివాన్ ఎత్తు 45 సెంటీమీటర్లు. ఎంసెట్ మెటీరియల్ నింపిన అట్టపెట్టెలతో 15కు ఒకటి, 30కి ఒకటి మెట్లు పేర్చి, జారకుండా గోనెసంచి చుట్టాను. ఆ పుస్తకాలు ఇంకోసారి పనికొచ్చాయి.

తిండి దగ్గరే యుద్ధం. మూడో ఆదివారం తూస్తే 100 గ్రాములు పెరిగింది. అమ్మమ్మ కొంగు చాటున పాలన్నం.

"దాని కడుపు మాడ్సి పాపం మూటగట్టుకుంటవా బిడ్డా? నాకు గూడ బరువు తగ్గుమన్నడు డాక్టర్. తగ్గిన్నా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పెట్టే చెయ్యిని ఆపలేం కాబట్టి, పెట్టే పనే అమ్మమ్మకు ఇచ్చేశాను. పొద్దున కొలిచిన గింజలు గిన్నెలో పోసి ఆమెకిస్తా. ఆమె కుర్చీలో కూర్చుని ఒక్కో గింజ విసురుతుంది, ఒకటి తలుపు దగ్గరికి, ఒకటి దివాన్ కిందికి. లడ్డు నడిచి వెళ్ళి తింటుంది, మళ్ళీ వచ్చి ఆమె ముందు నిలబడుతుంది. దూరం పోయిన గింజల్ని వెతకడానికి అమ్మమ్మ కూడా లేస్తుంది, నేను చూడనప్పుడు.

ఆగస్టుకు 5.8 కిలోలు. కిటికీ మీదికి ఎగిరే రోజులు ఇక రావు, డాక్టర్ ముందే చెప్పాడు. కానీ రెండు మెట్లెక్కి దివాన్ మీదికి తనే వస్తుంది, అమ్మమ్మ మోకాళ్ళ పక్కన పడుకుంటుంది. నడుము మీద జడలు పోయాయి. పోయినవారం కుర్చీ మీంచి వంటింటి గట్టెక్కి పాలగిన్నెలో మూతి పెట్టింది. అమ్మ చీపురు పట్టుకుని వెంటపడింది. లడ్డు ఉరికింది, నిజంగానే ఉరికింది. ఇప్పుడు గిన్నె మూత మీద రోకలిబండ ఉంటోంది.